గోదావరి గట్టున ఒక చిత్రకారుల సమాజం

శతవార్షికోత్సవ సంచికకు వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. సంఘాల చరిత్రను, మిషనెరీల చరిత్రను వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గనుక, మేము వేరొక నూరేళ్ళ సంగతి ఎత్తుకుంటున్నాం. 1923లో రాజమండ్రిలో కొందరు యువకులు కలిసి ‘ఆంధ్రా సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్’ అనే సమాజాన్ని, దానితోపాటు ఒక చిత్రకళాశాలను నెలకొల్పారు. 2023తో దానికి నూరేళ్ళు నిండాయి. స్థాపకుడు రెండేళ్ళు తిరగకుండానే కన్నుమూశాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అటువంటి సమాజాలు మన ఊళ్ళలో ఎన్ని పుట్టాయో, ఎన్ని పేరు కూడా మిగలకుండా పోయాయో మనకు తెలుసు. ఇది మాత్రం పోలేదు. ఆ యువకుడు వేసిన చిత్రాలు నేటికీ ఆ ఊళ్ళోనే, గోదావరి గట్టున ఒక భవనంలో ఉన్నాయి. అదెట్లా జరిగిందన్నదే ఈ వ్యాసంలో మేము విచారించదలచిన విషయం.

కథ ఒక ఇంగ్లీషు దొరతో మొదలవుతుంది. ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే గారు 1909లో మన దేశానికి వచ్చి, రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, 1919లో తిరిగి వెళ్ళిపోయారు. ఆయన మిషనెరీ కాదు, సర్కారు ఉద్యోగి. కవిత్వం వ్రాసేవారు, బొమ్మలు వేసేవారు. ఆయన కవితల పుస్తకానికి పెట్టుకున్న పేరులోనే ఒకవైపు థేమ్స్ నది, ఒకవైపు గోదావరి నది ఉన్నాయి. ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అనే గ్రంథాన్ని 1924లో ప్రకటించారు. ఆ కాలపు ఇంగ్లీషు అధికారులలో ఎక్కువమందికి భారతీయ చిత్రకళ అంటే చిన్నచూపు. దొరల చదువు చదివిన మనవారికీ అంతే. కూల్డ్రే దొరగారు అందుకు భిన్నంగా, తన చుట్టూ చేరిన పిల్లలను వెంటబెట్టుకొని అజంతా గుహలు చూపించారు. మీ పూర్వులు గోడలమీద వ్రాసినది ముందు చూడండి, తర్వాత మీ గోదావరిని చూడండి అన్నది ఆయన బోధలోని సారాంశం.

ఆయన చుట్టూ చేరినవారెవరో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, వరదా వెంకటరత్నం, దామెర్ల రామారావు. ఒకే గురువు, ఒకే ఊరు, ఒకే నది. వీరిలో కవికొండల వారు కుంచెకన్న కలమే మేలనుకొని కవిత్వంలోకి వెళ్ళిపోయారు. తక్కిన ముగ్గురి దారులూ మూడు విధాలుగా సాగాయి.

దామెర్ల రామారావుగారు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. చిన్ననాడే దొరగారి దృష్టిలో పడ్డారు. ఆయన ప్రోత్సాహంతోనే బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి చిత్రకళ అభ్యసించారు. ఆ పాఠశాల 1857 నాటిది. మనిషి శరీరాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని కొలతలు తప్పకుండా గీయడం అక్కడి శిక్షణలో ముఖ్యభాగం. అందుచేత రామారావుగారి చేతిలో రెండు విద్యలు కలిశాయి. అజంతా గోడలలోని రేఖ ఒకటి, బొంబాయి బడిలోని దేహ పరిజ్ఞానం రెండవది.

ఇక్కడ కొంచెం ఆగి, నాటి చిత్రకళలోని ఒక తగవును గురించి చెప్పుకోవాలి. అది తెలియకపోతే రామారావుగారు చేసిన పని బోధపడదు. ఆ రోజులలో దేశీయ చిత్రకళ అంటే బెంగాలు పద్ధతి. అవనీంద్రనాథ ఠాకూరు గారు, వారి శిష్యులు దానికి ఆద్యులు. కాగితంపై నీటిరంగులు వేస్తారు, ఆ కాగితాన్ని నీటిలో ముంచి తీస్తారు, ఆరనిచ్చి మళ్ళీ రంగు వేస్తారు. ఇట్లా పదేపదే చేస్తే చిత్రమంతా తెల్లవారుజాము మంచులో ఉన్నట్లు మెత్తగా, మసకగా తేలుతుంది. ఈ పద్ధతిని మన తీరానికి తెచ్చినవారు ప్రమోద్ కుమార్ ఛటర్జీ గారు. బందరులో 1910లో స్థాపితమైన ఆంధ్ర జాతీయ కళాశాలలో ఆయన చిత్రకళాచార్యులు. కనుక 1920 ప్రాంతాలలో కోస్తాలో రెండు కేంద్రాలు ఏర్పడ్డాయి. బందరులో మసక రంగులు, రాజమండ్రిలో తేట రంగులు. రామారావుగారి బొమ్మలలో మంచు తెర ఉండదు. రేఖ స్పష్టం, రంగు నిండుగా ఉంటుంది. మనుషులు మన మనుషులే. ‘పుష్పాలంకరణ’లో పువ్వులు ముడుచుకునే స్త్రీలు, ‘కార్తీక పౌర్ణమి’లోని స్త్రీలు ఏ దేవలోకంనుండో దిగివచ్చినవారు కారు. ఆ చీరకట్టు, ఆ జడ, ఆ నడుము వంపు గోదావరి రేవున కనబడేవే. ‘నంది పూజ’, ‘సిద్ధార్థ రాగోదయం’ కూడా ఆ కొద్దికాలంలో వేసినవే. ఆయన ‘ఋష్యశృంగ బంధనం’ 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందింది. బెంగాలు పద్ధతికి పుట్టినిల్లయిన ఊళ్ళో గోదావరి పిల్లవాని బొమ్మకు బహుమానం రావడం చిన్న విషయం కాదు. ఏ పద్ధతి గొప్పదని మమ్మల్నడిగితే, మా ఓటు రాజమండ్రికే. మేము ఆ జిల్లా గాలి పీల్చినవారం గనుక పక్షపాతమని ఎవరైనా అంటే అననివ్వండి.

బొంబాయిలో చదివి, కలకత్తాలో బహుమతి పొందినవాడు ఆ పెద్ద నగరాలలోనే స్థిరపడి ఉండవచ్చు. రామారావుగారు రాజమండ్రికే తిరిగివచ్చి, మిత్రులను కూడగట్టుకొని 1923లో సమాజాన్ని, కళాశాలను పెట్టారు. ఊళ్ళో బొమ్మలు వేయాలనే ఆసక్తి గలవారికి గీయడం నేర్పడం, వేసినవి పదిమందికీ చూపడం అక్కడి పని. అంతవరకు మన తావులలో చిత్రకారుడు కావాలంటే మద్రాసో బొంబాయో పోవలసిందే. గుమాస్తా కొడుకు, షావుకారు కొడుకు ఇంటి అన్నం తింటూ చిత్రకళ నేర్చుకోవచ్చుననే భరోసా ఆ సమాజంవల్ల కలిగింది.

1925 ఫిబ్రవరి 6న రామారావుగారు మశూచి సోకి మరణించారు. ఈ తరం పిల్లలకు ఆ జబ్బు పేరు కూడా తెలియదు. మన దేశంలో 1975 తర్వాత అది లేదు. ఆనాడు అది ఏ ఇంటి గడపనైనా అడగకుండా తొక్కేది.

సమాజం వయస్సు అప్పటికి రెండేళ్ళు. స్థాపకుడు పోయాడు. దొరగారు స్వదేశంలో ఉన్నారు. మిగిలినవి కొన్ని తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల బొమ్మలు, పెన్సిలు గీతల పుస్తకాలు. బొమ్మ సంగతి పుస్తకం వంటిది కాదు. పుస్తకం ఒక ఇంట్లో చెదలు తిన్నా, మరొక ఇంట్లో మరొక ప్రతి ఉంటుంది. బొమ్మ ఒక్కటే. దానికి తేమ పడదు, ఎండ పడదు. గోదావరి ఒడ్డున వానకాలంలో గోడలు చెమర్చే ఇళ్ళలో కాగితంమీది నీటిరంగును కాపాడడమంటే ఏటేటా యుద్ధమే. పైగా బొమ్మలను ఒకటొకటిగా అమ్ముకుంటే అవి నాలుగు నగరాలలోని ధనికుల హాళ్ళలోకి చేరిపోతాయి. అప్పుడు రామారావు అనే చిత్రకారుడు ఉండేవాడట అని చెప్పుకోవడమే మిగులుతుంది.

అట్లా జరగకుండా చూచినవారు వరదా వెంకటరత్నంగారు. ఆయన కూడా చిత్రకారులే. అదే శైలిలో చక్కని చిత్రాలు వేశారు. అయితే మిత్రుని మరణం తర్వాత ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఆ కళాశాల నడపడంలోనే గడిచింది. పిల్లలకు గీతలు దిద్దించడం, మిత్రుని బొమ్మలను పోగుచేసి ఒక్కచోట ఉంచడం, చూడవచ్చినవారికి చూపడం. ప్రతి పెద్ద పనిలోనూ ఇటువంటివారు ఒకరుంటారు. మన సంఘాలలో మొదటి బాప్తిస్మం ఇచ్చిన దొరగారి పేరు పాలరాతి పలకమీద ఉంటుంది. ఆయన వెళ్ళిపోయిన తర్వాత నలభై ఏళ్ళు గంట కొట్టి, దీపం వెలిగించి, బాప్తిస్మాల పుస్తకం చెద పట్టకుండా కాచిన ఉపదేశి పేరు ఎక్కడా ఉండదు. వెంకటరత్నంగారి పేరు రాజమండ్రి దాటితే తెలిసినవారు తక్కువ. తాను వేయగలిగి కూడా వేయకుండా పోయిన బొమ్మలు ఎన్నో ఉండి ఉంటాయి. ఆ లెక్క ఎవరూ కట్టలేరు.

ఇంకా తక్కువ తెలిసినవారు ఆ ఇంటి స్త్రీలు. రామారావుగారి భార్య సత్యవాణిగారు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు ఇద్దరూ చిత్రకారులు. ఆడవారు వేసిన బొమ్మలంటే ముగ్గులు, అల్లికల నమూనాలు అని లోకం అనుకొనే రోజులలో వారు కుంచె పట్టారు. రామారావుగారిని గురించి వెలువడిన వ్యాసాలలో సత్యవాణిగారి ప్రసక్తి సాధారణంగా ఒక వాక్యంతో సరి. ఆ వాక్యం కూడా ఆమెను ఆయన భార్యగా చూపడానికే గాని చిత్రకారిణిగా చూపడానికి కాదు. నడివయస్సు కూడా రాని వైధవ్యం ఆ రోజులలో ఎటువంటిదో మన అమ్మమ్మలను అడిగితే చెప్పేవారు. వారి పేరు చెప్పకుండా ఈ సమాజం చరిత్ర చెప్పడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఇక అడివి బాపిరాజుగారు. 1895లో భీమవరంలో పుట్టి 1952లో గతించిన ఈయన ఒకచోట నిలిచిన మనిషి కాదు. రాజమండ్రిలో కూల్డ్రే దొరగారి శిష్యులై, బందరులో ఛటర్జీగారి వద్ద బెంగాలు పద్ధతి నేర్చారు. ముందు చెప్పిన రెండు కేంద్రాలనూ ఎరిగినవారు ఆయనే. సహాయ నిరాకరణ రోజులలో జైలుకు వెళ్ళారు. న్యాయవాద పట్టా పుచ్చుకున్నారు, ఆ వృత్తిలో ఎక్కువకాలం నిలవలేదు. బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. 1940లలో హైదరాబాదులో ‘మీజాన్’ దినపత్రికకు సంపాదకులైనారు. ఆయన ‘నారాయణరావు’ నవల, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బహుమతిని పంచుకున్న సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’ చదివినవారు గమనించే ఉంటారు, కథ మధ్యలో ఆగి ఒక చీర రంగును, ఒక హారంలోని రత్నాలను పేజీల తరబడి వర్ణిస్తారు. విమర్శకులు దీనిని తప్పు పట్టారు. అది నవలాకారుని తప్పు కావచ్చునేమో గాని, కుంచె పక్కన పెట్టలేని చేతి అలవాటని మేమనుకుంటాం.

నిలిచినవాడు, తిరిగినవాడు, త్వరగా పోయినవాడు. ముగ్గురిలో ఎవరి దారి మేలని మేము తూచబోము. ఒక్కటి మాత్రం చెప్పాలి. బాపిరాజుగారి నవలలు నేటికీ అచ్చవుతున్నాయి, చదివేవారు చదువుతున్నారు. ఆయన చిత్రాలను చూచిన తెలుగువారు ఎంతమంది? అవి రామారావుగారి బొమ్మలవలె తెలుగు ఊళ్ళో ఒక్క కప్పు క్రిందికి చేరలేదు. వాటికి ఒక వెంకటరత్నం దొరకలేదు.

ఇదంతా మన సంఘాలకు పూర్తిగా పరాయి సంగతి కాదు. కూల్డ్రే దొరగారు అజంతా చూడండని చెప్పే కాలంలో మన మిషన్‌లవారు ఇంగ్లండు ఊళ్ళలోని గుడి నమూనాలే తెచ్చి ఇక్కడ కట్టిస్తున్నారు. దేశీయ స్తంభాలతో, గుమ్మటాలతో అజరయ్య అయ్యగారు కట్టించిన దోర్నకల్ దేవాలయం 1939లో గాని ప్రతిష్ఠ కాలేదు. చిత్రకళలో అటువంటి దారి పట్టినవారు లూథరన్ పాదిరి పులిదిండి సాల్మన్ రాజుగారు. 1921లో జన్మించి 2019లో ప్రభువునందు నిద్రించారు. కరిగించిన మైనాన్ని గుడ్డమీద గీసి, రంగులో ముంచి, మైనం ఉన్నచోట రంగు అంటకుండా చిత్రం తేల్చే బాతిక్ పనిలో, కొయ్య అచ్చు చిత్రాలలో ఆయన సువార్త ఘట్టాలను మన పల్లె మనుషుల రూపాలతో నింపారు. విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం స్థాపించారు. లూకా సువార్తికుడు చిత్రకారుడనే పూర్వపు క్రైస్తవ ఐతిహ్యం ఆ పేరుకు ఆధారం. ఆయన బాతిక్‌లు చాలావరకు విదేశాలలోనే ఎక్కువమంది చూశారు. మన గుడి గోడలమీద మాత్రం ఇంకా జర్మనీలో అచ్చైన కాలెండరు బొమ్మలే ఉన్నాయి. రామారావుగారి బొమ్మలు ఒక్కచోట మిగిలినట్లు సాల్మన్ రాజుగారి బొమ్మలు మిగులుతాయా అన్నది మన చేతుల్లో ఉన్న విషయమే గనుక, డయాసిస్ పెద్దల ముందు దానిని ఈ సంచిక ద్వారా ఉంచుతున్నాం.

రాజమండ్రి కళాశాల, చిత్రశాల తరువాత రాష్ట్ర ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చాయి. ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారింది. చిత్రశాల మాత్రం దామెర్ల రామారావుగారి పేరుమీదనే గోదావరి గట్టు రోడ్డులో ఉంది. మన యౌవనస్థుల సమాజాలు, స్త్రీల మైత్రి సంఘాలు కూటాలకు ఆ ఊరు వెళ్ళినప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట చూచి, కాటన్ దొరగారిని తలచుకొని తిరిగివస్తుంటారు. ఈసారి ఒక గంట మిగుల్చుకొని ఇక్కడికీ వెళ్ళండి. పెద్ద తైలవర్ణ చిత్రాల ముందు అందరూ నిలబడతారు. వాటిని చూచిన తరువాత సత్యవాణిగారి బొమ్మలు, బుచ్చికృష్ణమ్మగారి బొమ్మలు ఎక్కడున్నాయో అడిగి చూడండి.