భాగస్వామ్య చిత్రకళ

భాగస్వామ్య చిత్రకళ: కళాకారులు మొదలుపెట్టిన చిత్రానికి ప్రేక్షకులు స్వయంగా రంగులు, గీతలు, మాటలు చేర్చే కళారీతి.

ఈ రీతి 1960లలో రూపుదిద్దుకుంది. జపాన్ కళాకారిణి యోకో ఓనో (జననం 1933) 1966 నవంబరులో లండన్‌లోని ఇండికా గ్యాలరీలో ‘యాడ్ కలర్ పెయింటింగ్’ను ప్రదర్శించారు. తెల్లని పలక పక్కనే రంగులు, కుంచెలు ఉంచి, సందర్శకులను రంగు వేయమన్నారు. మరో జపాన్ కళాకారిణి యాయోయ్ కుసామా 2002లో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీలో గదిని, సామాన్లను తెల్లగా మార్చి, పిల్లల చేత రంగుచుక్కల స్టిక్కర్లు అంటింపజేశారు.

తెలుగువారిలో దీనికి దగ్గరి సంప్రదాయం ముగ్గు. తమిళనాడులోని తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగు ఊళ్లలోనూ ధనుర్మాసంలో కళ్లాపి చల్లిన వాకిట ముగ్గు వేస్తారు. ఉదాహరణకు, ఒక వరుస చుక్కల సందుల్లో తర్వాతి వరుస చుక్కలు వచ్చే సందు చుక్క పద్ధతిలో నడిమి వరుసకు 15 చుక్కలు పెట్టి, ఇరువైపులా ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 వరకు వస్తారు. పెద్ద ముగ్గుల్లో ఒకరు చుక్కలు పెడితే మరొకరు కలుపుతారు, ఇంకొందరు రంగులు నింపుతారు.

చిత్రం ఎప్పుడు పూర్తయిందో, దాని కర్త ఎవరో ఒక్కరే నిర్ణయించే పద్ధతిని మార్చడం ఈ కళారీతి ప్రధాన ప్రాముఖ్యం.