బోజావు పల్లె కాపరి, సింహం హెన్రీ



మేము పల్లెలో సేవ చేసేవాళ్ళం గనుక, పాత చరిత్రలో ఎక్కడైనా పల్లె సంఘ కాపరి పేరు కనబడితే అక్కడ కాసేపు ఆగిపోతాము. ఈసారి అలా ఆగింది హెల్మోల్డ్ అనే ఆయన దగ్గర. సుమారు 850 ఏళ్ళ క్రితం ఉత్తర జర్మనీలో, ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న బోజావు అనే పల్లెలో ఆయన కాపరి. లాటిను భాషలో స్లావుల చరిత్ర రాశారు. ఆయన కాలంలో ఆ ప్రాంతమంతా ఒక్క మనిషి చేతి కింద ఉండేది. ఆ మనిషి సాక్సనీ డ్యూక్ హెన్రీ. లోకం ఆయనను సింహం హెన్రీ అని పిలిచింది.

ముందు ఆ కుటుంబం సంగతి చెప్పాలి. వారిది వెల్ఫ్ వంశం. హెన్రీ తల్లి లోథార్ చక్రవర్తి కుమార్తె. తండ్రి సాక్సనీ, బవేరియా అనే రెండు పెద్ద సంస్థానాలకు డ్యూకు. అంత ఆస్తి ఒకే ఇంట్లో ఉండడం కొత్త రాజు కోన్రాడ్‌కు కంటగింపు అయింది. 1138లో రెండూ లాగేసుకున్నాడు. మరుసటి ఏడే తండ్రి చనిపోయాడు. అప్పటికి హెన్రీ ఇంకా చిన్న పిల్లవాడు. 1142లో సాక్సనీ తిరిగి దక్కింది. బవేరియా మాత్రం 1156 దాకా రాలేదు. దాన్ని ఇప్పించినవాడు ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి. ఆయన ఎవరో కాదు, హెన్రీకి సొంత మేనత్త కొడుకు. మన లెక్కలో బావ.

ఇక్కడ ఒక తేడా గమనించండి. డ్యూకు పదవి, దానితో వచ్చే అధికారం చక్రవర్తి ఇచ్చినవి. మన ప్రాంతంలో నవాబులు ఇచ్చిన జాగీరు లాంటివి. ఇచ్చినవాడు తీసుకోగలడు. బ్రౌన్‌ష్వైగ్, ల్యూనెబర్గ్ చుట్టుపక్కల ఉన్న నేల అలా కాదు. అది తాతల నుండి వచ్చిన సొంత భూమి. హెన్రీ ఈ రెంటికీ మధ్య గీత చెరిపేసినట్టు బ్రతికాడు. బవేరియాలో ఫ్రైజింగ్ బిషప్పుగారికి ఇజార్ నది మీద ఒక వంతెన ఉండేది. ఉప్పు బండ్లు దాని మీదుగా పోయేవి, సుంకం బిషప్పుగారికి ముట్టేది. హెన్రీ ఆ వంతెనను కూల్చి, కొంచెం ఎగువన తన సొంత వంతెన, సంత పెట్టుకున్నాడు. 1158లో చక్రవర్తి దగ్గర తగవు తెగింది. సంత హెన్రీకే, రాబడిలో మూడో వంతు బిషప్పుగారికి. ఆ సంత ఊరే ఈనాటి మ్యూనిక్ నగరం.

బోజావుకు వద్దాము. అక్కడి మొదటి గుడి కట్టించింది విసెలిన్ బిషప్పుగారు. స్లావుల మధ్య ఏళ్ళ తరబడి సువార్త చెప్పిన వృద్ధుడు. 1149లో బ్రేమెన్ ఆర్చిబిషప్పు ఆయనను బిషప్పుగా అభిషేకించాడు. తన అనుమతి లేకుండా ఎలా చేశారని హెన్రీకి కోపం. బిషప్పు అధికార దండాన్ని తన చేతినుండే తీసుకోవాలని పట్టుబట్టాడు. ఆ తగవులో దశమభాగం రాకుండా ఆగిపోయింది. ఇప్పటిలాగా ఇష్టపూర్వకంగా కానుక పెట్టెలో వేసే దశమభాగం కాదది, పంట మీద తప్పనిసరిగా కట్టే పన్ను. అది ఆగితే సేవకులకు కూడు లేదు. విసెలిన్‌గారు కొంతకాలం ఓర్చుకున్నారు. చివరికి తన మందను తలచుకొని డ్యూకు ముందు వంగారు. వంగినందుకు దొరికినదాంట్లో బోజావు పల్లె ఒకటి!

అంటే మన హెల్మోల్డ్‌గారు కూర్చొని పుస్తకం రాసిన ఊరు ఆ బేరంలో వచ్చిన ఊరే. ఇది చదివినప్పుడు మాకు మనసు బరువెక్కింది. విసెలిన్‌గారిని తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు.

ఆ పల్లెలో ఉండి కూడా హెల్మోల్డ్‌గారు కళ్ళు మూసుకోలేదు. స్లావుల మీద హెన్రీ చేసిన దండయాత్రలలో క్రైస్తవ విశ్వాసం మాట వినబడలేదని, డబ్బు మాటే వినబడిందని రాసిపెట్టారు. ఒక సభలో హెన్రీ క్రీస్తును గూర్చి చెప్పబోతే, నిక్లోట్ అనే స్లావు నాయకుడు, ఆ దేవుడు మీకుండనీ, మాకు మీరే దేవుడు అన్న అర్థంలో జవాబిచ్చాడట. డ్యూకు అతనిని గద్దించాడు. అంతటితో ఆగిపోయింది. ఎందుకంటే డ్యూకు అప్పుడే ఇటలీ యుద్ధం నుండి వచ్చాడు, ఖజానా ఖాళీ, ధ్యాసంతా రాబడి మీదే ఉంది అంటారు హెల్మోల్డ్‌గారు. ల్యూబెక్ దగ్గర మరో నాయకుడు బిషప్పుగారితో ఇంకా సూటిగా మాట్లాడాడు. డ్యూకుకు ఏటా వెయ్యి మార్కులు కట్టాలి, కౌంటుకు వందలు కట్టాలి, నేల మీద నిలవనీయరు, ఇక కొత్త విశ్వాసానికి మాకు తీరికెక్కడిది అని. బాప్తిస్మం వద్దన్నవాని గోడును ఒక సంఘ కాపరి తన పుస్తకంలో అంత వివరంగా రాశారు చూడండి.

అలాగని ఆయన హెన్రీకి శత్రువు కాదు. పుస్తకం చివరికి వచ్చేసరికి ఇంతటి డ్యూకు ముందెన్నడూ లేడని పొగిడారు కూడా. రెండు మాటలూ ఒకే కలం నుండి వచ్చాయి. చరిత్రను 1170ల మొదట్లో ఆపేశారు, కాబట్టి పతనం అందులో లేదు.

పతనం త్వరగానే వచ్చింది. 1176లో ఇటలీ యుద్ధానికి సైన్యం కావాలని బావ అడిగాడు. హెన్రీ ఇవ్వలేదు. చక్రవర్తి మోకరించి బ్రతిమాలాడని, హెన్రీ బదులుగా గోస్లార్ వెండి గనులు అడిగాడని తర్వాతివారు రాశారు. ఆ ఏడే లెన్యానో దగ్గర చక్రవర్తి ఓడిపోయాడు. ఇంతలో సాక్సనీ ప్రభువులు, బిషప్పులు ఫిర్యాదులతో వచ్చారు. విచారణకు పిలిస్తే హెన్రీ రాలేదు. 1180లో పదవులు రెండూ పోయాయి. సాక్సనీ ముక్కలైంది. పడమటి ముక్క ఎవరికి దక్కిందో తెలుసా? కొలోన్ ఆర్చిబిషప్పుగారికి. ఫిర్యాదు చేసినవారిలో ఆయన ఒకరు. సంఘ నాయకులు ఈ కథలో బాధితులు మాత్రమే అని మేము చెప్పలేము. బవేరియా విటెల్స్‌బాఖ్ వంశానికి వెళ్ళి 1918 దాకా వారి దగ్గరే ఉంది.

1181లో ఎర్ఫుర్ట్‌లో హెన్రీ చక్రవర్తి పాదాల మీద పడ్డాడు. సొంత భూమి మాత్రం దక్కింది. తర్వాత ఇంగ్లాండు రాజైన మామగారి పంచన ప్రవాసం. ఆ మిగిలిన సొంత నేల మీదే 1235లో మనవడికి కొత్త డ్యూకు పదవి వచ్చింది. ఆ శాఖవారే 1714లో ఇంగ్లాండు సింహాసనం ఎక్కారు. మన ముత్తాతలు చూసిన రూపాయి బిళ్ళ మీది విక్టోరియా రాణి ఈ ఇంటి ఆడబిడ్డే.

హెన్రీ తన గుడి కోసం చేయించిన సువార్తల ప్రతి ఒకటి ఉంది. అందులో ఒక బొమ్మలో పరలోకం నుండి చేతులు చాచబడి హెన్రీకి, భార్య మటిల్డాకు కిరీటాలు పెడుతుంటాయి. 1983లో దాన్ని వేలంలో మూడు కోట్ల ఇరవై ఐదు లక్షల మార్కులకు కొన్నారు. బొమ్మలోని కిరీటం సంగతి అలా ఉండగా, నిజమైన హెన్రీ చివరి రోజులు బ్రౌన్‌ష్వైగ్‌లో గడిచాయి. ముసలితనం, అనారోగ్యం. పాత చరిత్రలను సేకరించి, రాయించి, తన ముందు చదివించుకున్నాడని, నిద్ర లేకుండా రాత్రంతా వినేవాడని ఆ కాలపు ఒక సేవకుడు రాశాడు. 1195 ఆగస్టు 6న కన్నుమూశాడు.

ఆ రాత్రులలో బోజావు కాపరిగారి పుస్తకం కూడా తెరిచి ఉంటే, డబ్బు మాటే వినబడిందన్న చోటికి వచ్చేసరికి చదివేవాడు ఆగి ముసలాయన ముఖం వైపు చూసి ఉంటాడా అని మేము అనుకుంటూ ఉంటాము.