సంగటిపొద్దు అంటే ఎప్పుడు?

సంగటిపొద్దు (నామవాచకం): మధ్యాన్నం సంగటి తినే యాళ, మధ్యాహ్న భోజన సమయం.

ఇతర రూపాలు: సంగటేళ, సంగటియాళ.

వాడుక: "సంగటిపొద్దయింది, మడక ఇడువు నాయనా." "సంగటేళకంతా ఇంటికి రా అబ్బీ." "సంగటిపొద్దు దాటినంక వచ్చి పెట్టమంటే యాడ పెట్టేది?"

వివరణ: కడప – మైదుకూరు దావలో ఉండే ఖాజీపేట మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల దాకా పెద్దోళ్ళ నోట వినపడే మాట ఇది. సంగటి, పొద్దు అనే రెండు మాటలు కలిసి ఏర్పడింది. పొద్దు అంటే సూర్యుడు, కాలం కూడా. ఉడికిన నూకల్లో రాగిపిండి పోసి తెడ్డుతో గెలికి చేసే ముద్ద సంగటి. జొన్నపిండితోనూ చేస్తారు. పక్కన శెనిక్కాయల ఊరిమిండో, పప్పో ఉంటే సాలు.

సంగటిపొద్దంటే గడియారంలో పన్నెండు కొట్టడం కాదు. తెల్లారుజామున మడక కట్టినోడు, కలుపుకు పోయిన ఆడోళ్ళు పని ఆపి చెట్టునీడన కూచునే యాళ. కూలోళ్ళు 'సంగటిపొద్దయింది' అని లేస్తే, ఇంకో సాలు తీయమనడానికి భూమిగలోడికైనా నోరు రాదు. తిండికి, అలుపు తీర్చుకోడానికి ఉన్న హక్కు ఆ ఒక్క మాటలోనే ఉంది. ఈపొద్దు పట్నంలో పనిచేసే మన పిల్లోళ్ళకు 'లంచ్ టైమ్' ఉంది గానీ, పని ఒత్తిడిలో అది ఎప్పుడైనా జరిగిపోతుంది, ఒక్కోసారి ఎగిరే పోతుంది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినంక పేదోళ్ళ ఇండ్లల్లో వరన్నం వాడకం పెరిగింది. అయినా అన్నం తినే యాళను కూడా సంగటిపొద్దనే అనేవాళ్ళు. తిండి మారినా మాట నిలబడింది.

ఇప్పుడు కథ తిరగబడింది. 2023లో మన రాష్ట్రం బడిపిల్లోళ్ళకు రాగిజావ మొదలుపెట్టింది. రాగిసంగటి, నాటుకోడి అని హోటళ్ళు బోర్డులు పెడతాండాయి. సంగటి తిరిగొచ్చింది, సంగటిపొద్దు మాత్రం మన నోట్లోంచి జారిపోతాంది. ఈసారి మధ్యాన్నం ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'లంచ్ అయిందా' అనకుండా, 'సంగటిపొద్దయింది, తింటివా మా?' అని అడిగి చూడండి.