కోపం (క్రైస్తవ చింతనలో)

కోపం పాపమా అన్న క్రైస్తవ వాదంలో చాలా భాగం ఒక చిన్న గ్రీకు మాట దగ్గరే తేలాలి. మత్తయి సువార్త 5:22లో యేసు, సోదరుడి మీద కోపపడేవాడు కూడా హంతకుడిలాగే తీర్పుకు లోనవుతాడని హెచ్చరిస్తాడు. కొన్ని రాతప్రతుల్లో ఇక్కడ ‘ఎయికే’, అంటే ‘నిష్కారణంగా’ అన్న మాట అదనంగా ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు దాన్ని నిలుపుకుంది. నాలుగో శతాబ్దపు వాటికన్ ప్రతిలో అది లేదు. ఆ మాట ఉంటే కారణమున్న కోపానికి మినహాయింపు దొరుకుతుంది. లేకపోతే దొరకదు.

ఈజిప్టు ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ (మరణం 399) మనసును చెరిచే ఎనిమిది ఆలోచనల్లో కోపాన్ని చేర్చాడు. కోపం ముదిరినవాడికి ప్రార్థన వేళ దేవుడికి బదులు తనను నొప్పించినవాడి మొహమే కళ్లముందు ఆడుతుందన్నది ఆయన పరిశీలన. విరుగుడుగా కీర్తనలు, ఓర్పు, దయ చెప్పాడు. పగ చల్లారాలంటే కానుక ఇవ్వమన్నాడు. చేతిలో ఏమీ లేని సన్యాసులైతే భోజనానికి పిలవమన్నాడు. ఆ ఎడారి జ్ఞానాన్ని లాటిన్‌లోకి తెచ్చిన జాన్ కాసియన్, ‘నిష్కారణంగా’ అన్నది తర్వాతివాళ్ల చేర్పని తోసిపుచ్చాడు. ఎంత అన్యాయంగా మండిపడేవాడైనా తనకు కారణం లేదని ఒప్పుకోడు కదా అన్నది ఆయన తర్కం. కారణం మంచిదైనా చెడ్డదైనా కోపం అంతేనంటూ, కంటికి బంగారు రేకు అడ్డుపెట్టినా సీసపు రేకు అడ్డుపెట్టినా చూపు ఒకేలా పోతుందనీ అన్నాడు. మనుషులకు దూరంగా వెళ్తే కోపం పోతుందనీ ఆయన నమ్మలేదు. ఎడారిలో ఒంటరిగా ఉన్నప్పుడు తాను రెల్లు కలం మీద, చాకు మీద, నిప్పు త్వరగా రాజని చెకుముకిరాయి మీద చిరాకుపడ్డానని రాసుకున్నాడు.

ఏ కోపానికీ మినహాయింపు లేదన్న కాసియన్ వాదానికి గట్టి అభ్యంతరమే ఉంది. మార్కు 3:5లో యేసే కోపంగా చూస్తాడు. చెడు మీద కోపం రాని దేవుడు మంచిని ప్రేమించలేడని నాలుగో శతాబ్దంలో క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ వాదించాడు. కోపపడాల్సిన చోట కోపపడకపోవడం కూడా దోషమేనని 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ తేల్చాడు. ఇవి కాదనలేనివే. అయినా కాసియన్ ప్రశ్న తీరలేదు: కారణం న్యాయమైనదని నిర్ణయించేది ఆ క్షణంలో మండుతున్నవాడేగా? ఎఫెసీ పత్రిక (4:26) ఈ చిక్కును తెలివిగా తప్పించింది. అది కారణం అడగలేదు, సూర్యాస్తమయమని గడువు పెట్టింది. 1726లో అచ్చయిన ప్రసంగాల్లో ఇంగ్లండు మతాచార్యుడు జోసెఫ్ బట్లర్ ఆ దారినే విస్తరించాడు. చటుక్కున వచ్చే కోపాన్నీ, నిలిచి ఉండే ఆగ్రహాన్నీ విడదీశాడు. అన్యాయాన్ని ఎదిరించడానికి రెండోది అవసరమే గాని, హాని చేసినవాడూ మనిషేనన్న సంగతిని అది మరిపించకూడదన్నాడు.

నిగ్రహం అంటే కోపాన్ని దిగమింగడమేనన్న విమర్శ ఆచరణను బట్టి చూస్తే సగమే నిజం. మత్తయి 5:23-24 అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి రాజీపడమంటుంది. 18:15 తప్పు చేసినవాడితో ఏకాంతంగా మాట్లాడమంటుంది. రెండూ నోరు మూసుకోమనేవి కావు. మిగతా సగం మాత్రం ఒప్పుకోవాలి: ఓర్పు పాఠం తరచూ దెబ్బ తిన్నవాళ్లకే వినిపించింది, కొట్టినవాళ్లకు కాదు. ఆ దెబ్బ తిన్నవాళ్ల పక్షాన నిలిచిన బాప్టిస్టు బోధకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఫిబ్రవరిలో, నల్లజాతి మేధావి డుబోయిస్ శతజయంతి సభలో, జనాన్ని కోపపడమంటే చాలదని, వాళ్లను కూడగట్టి ఆ కోపాన్ని మార్పు తెచ్చే శక్తిగా మలచాలని అన్నాడు.