వేట హక్కు ఎవరిది, అదుపు ఎవరిది? నిజాం షికారు, నల్లమల చెంచులు

మహబూబ్‌నగర్ అనేదే ఒక వేటగాడి పేరు. జనం పాలమూరు అని పిలుచుకునే గడ్డకు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు తగిలించారు. ఈయన 1869 నుంచి 1911 దాకా గద్దె మీద ఉన్నాడు. ముప్పై పులులను కొట్టినందుకు 'తీస్‌మార్ ఖాన్' అనే పేరు పడ్డదని చెప్పుకుంటరు. ఇయ్యాల అదే మాటను గప్పాలు కొట్టేటోని మీద వాడుతున్నం. 'వాడేమన్న పెద్ద తీస్‌మార్‌ఖానా' అంటే ఎవరికీ పులి యాదికి రాదు. రాజుగారి బిరుదును జనం నోరు ఇట్ల తిప్పి పెట్టుకున్నది. చరిత్రకారులకు మాత్రం ఆ బిరుదు ఇంకా బిరుదే.

ఈ వ్యాసంలో మేము వేట గురించి రాస్తున్నట్టు కనబడ్డా అడుగుతున్నది వేరే ప్రశ్న. అడ్డు చెప్పేటోడు లేనప్పుడు మనిషి చెయ్యి ఎందుకు ఆగుతది? వేటకు సాక్షి ఉండడు. అడవిల ఎవరు ఏం కొట్టిన్రో, ఏం వదిలేసిన్రో చూసేటోడు లేడు. కాబట్టి మనిషి నీతి ఏమిటో తేలే చోటు వేటే. మన చరిత్ర పుస్తకాలు ఈ ప్రశ్నకు రెండు రెడీమేడ్ జవాబులు పెట్టుకున్నయి. రాజు చెయ్యి ఆపుకుంటే దాన్ని ధర్మం అన్నయి. ఆదివాసి చెయ్యి ఆపుకుంటే దాన్ని ప్రకృతి అన్నయి, అంటే అతను ఆలోచించి ఆపుకోలేదు, చెట్టు లెక్క, పుట్ట లెక్క అట్ల ఉన్నాడని అర్థం. ఈ రెండూ తప్పని మా వాదన.

ముందుగా హద్దు లేని హక్కు చేతిలో ఉన్నోళ్ల సంగతి చూద్దాం. అమ్రాబాద్ పీఠభూమి మీద మన్ననూరు దాటి అడవిలోకి పోతే ఫరహాబాద్ వస్తది. నిజాం షికారుకు కట్టించుకున్న విడిది అక్కడిదే. రాజ్యంలో మంచి అడవులను షికార్‌గాలుగా పాలకుని వేటకు దాచిపెట్టేవారు. మిగతావాళ్లకు ఆ అడవిలో కట్టె ఏరుకోవడం కూడా అధికారి దయ మీద ఆధారపడ్డ విషయం. రాజు, రాజు అతిథులు మాత్రం ఎన్ని కొట్టినా లెక్క అడిగేటోడు లేడు. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఇదే మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా హైదరాబాద్ రాజ్యానికి వచ్చి వేటాడి పోయాడు. 1914లో సరయేవోలో హత్యకు గురై మొదటి ప్రపంచ యుద్ధానికి సాకైన మనిషి ఇతనే. తను చంపిన జంతువుల లెక్కను పుస్తకంలో రాసుకునే అలవాటు అతనికుండేది. ఆ లెక్క రెండు లక్షల డెబ్బై వేలు దాటింది. సర్గుజా మహారాజు తాను 1,100కు పైగా పులులను కొట్టానని చెప్పుకున్నాడు. ఆ పక్కనున్న కొరియా సంస్థానం రాజు 1947లో మూడు చీతాలను కాల్చాడు. మన దేశపు చివరి చీతాలుగా చరిత్రకెక్కినవి అవే.

వీళ్లకు నియమాలే లేవని మేము అనం. షికారీలకు ఒక పద్ధతి ఉండేది. కూర్చున్న పిట్టను కొట్టొద్దు, గాయపడ్డ జంతువును వదిలేసి రావొద్దు, ఆడజింకను కాల్చొద్దు. దొరల షికారు పుస్తకాలు ఈ నియమాలను మస్తు గొప్పగా రాసుకున్నయి. వీటిని కొంచెం దగ్గరగా చూడాలె. కొమ్ములుండేది మగ జింకకు. గోడకు తగిలించుకునే తలకాయ కోసం వేటాడేటోనికి ఆడజింకను వదిలేయడం వల్ల పోయేదేమీ లేదు. పైగా వచ్చే ఏడు వేటకు కొమ్ములున్న జింకలు కావాలంటే తల్లి జింక బతకాలె. నష్టం లేని చోట పాటించిన నియమాన్ని సంయమనం అనాలా, లెక్కలు అనాలా? గాయపడ్డ పులిని వెతికి చంపడం షికారీ పరువు అన్నారు. మరి తుప్పల్లో చొరబడి దాన్ని ముందుగా వెతికింది ఎవరు?

ఇక్కడికి వచ్చేసరికి ఆ పుస్తకాలు మౌనం వహిస్తయి. పులి వేట అంటే మంచె మీద తుపాకి పట్టుకొని కూర్చోవడం. పులిని మంచె దాకా తోలుకొచ్చే పనిని హాంకా అంటరు. పదుల మంది, ఒక్కోసారి వందల మంది అర్ధచంద్రంగా నిలబడి డప్పులు, డబ్బాలు కొట్టుకుంటూ, అరుచుకుంటూ అడవిని జల్లెడ పట్టాలె. వాళ్ల చేతుల్లో కట్టెలే తప్ప తుపాకులుండవు. పులి ముందుకు పోతే రాజు గొప్ప, వెనక్కి తిరిగితే హాంకా మనిషి సావు. తెలంగాణలో వెట్టి ఎట్ల నడిచిందో మనకు ఎరుకే. గిర్దావర్ వచ్చినా, తాసీల్దార్ వచ్చినా, దేశ్‌ముఖ్ కాలు బయట పెట్టినా మాదిగ, మాల వాడలకు కబురు వచ్చేది. మూట మోయాలె, బండి ముందు ఉరకాలె, చెప్పులు కుట్టి ఇయ్యాలె. దొరకు షికారు మీద మనసు పుడితే అదీ ఆ చాకిరిలో ఒకటయ్యేది. డప్పు మన చేతిలో ఉన్నది కాబట్టి హాంకాలో ముందు వరస మనదయ్యింది. పులికి ఎరగా కట్టేసే దున్నపోతు దూడ ఎవరి కొట్టంలోంచి వచ్చిందని ఏ షికారు పుస్తకం రాయలేదు.

హద్దు లేని హక్కు ఇట్ల పని చేసింది. ఆ హక్కుకు హద్దు ఎక్కడ రావాలో అక్కడ ఇంకో మనిషి శరీరాన్ని పెట్టింది. ప్రమాదం తన మీద పడనోనికి తనను తాను ఆపుకునే అవసరం ఎక్కడి నుంచి వస్తది?

అంబేడ్కర్ 1948లో అచ్చయిన తన పుస్తకంలో అంటరానితనం మూలాల గురించి చెప్తూ, చచ్చిన ఆవు మాంసం తిన్నవాళ్లనే ఊరి బయట అంటరానివాళ్లుగా నిలబెట్టారని వాదించాడు. ఆ వాదన వెలుగులో షికారు ఫోటోలను ఒకసారి చూడండి. పులి మీద కాలు పెట్టి నిలబడ్డాయన దాన్ని తినడు. తినకుండ చంపినోడు బహదూర్ అయ్యిండు. చంపకుండ, చచ్చినదాన్ని తిని బతికినోడు అంటరానోడయ్యిండు. హింస గురించి, అహింస గురించి మనకు పాఠాలు చెప్పే పెద్దలు ఈ లెక్కను ఎన్నడూ విప్పి చూపలేదు.

ఇక అదే పీఠభూమి మీద, ఫరహాబాద్ విడిది చుట్టూ ఉన్న పెంటల్లో చెంచులు ఉన్నరు. అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్ లాంటి పెంటలు. 1940లో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వీళ్ల మధ్య ఉండి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చేశాడు. నిజాం ప్రభుత్వం అండతో జరిగిన పని అది. ఆ పుస్తకం పేరులోనే చెంచులను అడవి మనుషులని పిలిచాడు. ఆ చూపు మీద మాకు అభ్యంతరం ఉంది. కానీ ఆయన రాసుకున్న వివరాలు మాత్రం ఆయన చూపు కంటే పెద్దవి.

చెంచులకు వేట దేవత గారెల మైసమ్మ. అడవిలో జంతువులు ఆమెవే. వేటకు పోయేటప్పుడు ఆమెకు మొక్కుతరు, జంతువు పడితే మాంసంలోంచి ముందుగా ఆమెకు పెడతరు. పూర్వం ఆడ జంతువును కొట్టడం తప్పని, కొడితే మైసమ్మకు కోపం వస్తదని, పొరపాటున కొట్టినోడు ఆమెను క్షమించమని వేడుకునేవాడని చెంచులు చెప్పిన మాట. ఇదీ ఆడ జంతువును వదిలేయాలన్న నియమమే కదా, దొరల నియమానికీ దీనికీ తేడా ఏమిటని ఎవరైనా అడగొచ్చు. తేడా పొయ్యి దగ్గర ఉన్నది. చెంచు గోడకు కొమ్ములు తగిలించుకోడు. అతను వేటాడేది కూర కోసం. ఆడజింక మాంసమూ మాంసమే. ఇంట్లో పిల్లలు రెండు రోజులుగా గడ్డలు తింటుండగా, బాణం దూరంలో నిలబడ్డ ఆడజింకను వదిలేసి రావడం అంటే ఒక పూట కూరను వదిలేసి రావడం. ఆ అదుపుకు అతను తన ఆకలితో ధర కట్టాడు.

ఇంకొకటి కూడా గమనించాలె. తప్పు జరిగితే క్షమాపణ అడిగే మాట ఉన్నదంటే, తప్పు జరిగేది అని అర్థం. అది స్వభావం కాదు. స్వభావమైతే క్షమాపణ ఎందుకు? ఆకలి ఒక దిక్కు, మైసమ్మ ఒక దిక్కు గుంజుతుండగా మనిషి విల్లు పట్టుకొని నిలబడి తేల్చుకున్న నిర్ణయం అది. కొన్నిసార్లు ఓడిపోయి ఉంటడు. దీన్నే మేము నీతి అంటున్నం.

చెంచులు మనిషి మంచితనం మీద గుడ్డిగా నమ్మకం పెట్టుకున్నోళ్లు కాదు. తేనె తీసే పద్ధతి చూస్తే ఇది తెలుస్తది. నిలువు కొండ చరియ నుంచి తాడు కట్టుకొని దిగి తేనెపట్టు కోస్తరు. పైన ఆ తాడుకు కాపలా ఉండేది సొంత అన్నదమ్ముడు కాదు, భార్య తోడబుట్టినోడు, అంటే బావమరిది. తాడు తెగితే తన చెల్లె ముండమోసేది కాబట్టి అతను కన్నార్పడు. ఇంటి తమ్ముడైతే వదినె మీద కన్ను పడొచ్చునన్న అనుమానాన్ని వాళ్లు దాచుకోలేదు. మనిషికి దురాశ ఉంటదని ఒప్పుకొని, ఆ దురాశకు అడ్డంగా చుట్టరికాన్ని కట్టిన్రు. వేటలోనూ ఇంతే. ఒక్కో గుంపుకు తన అడవి, తన ఎల్లలు. పెద్ద జంతువు పడితే అది కొట్టినోని ఒక్కనిది కాదు, పెంటలో పోగులు పడాలె. మాంసాన్ని పోగులేసి పంచుకోవడం మన వాడల్లోనూ ఉన్నదే, మాకు ఇది కొత్తగా వివరించాల్సిన పని లేదు. పది ఇండ్లకు పంచాల్సినోడు అవసరానికి మించి కొట్టి దాచుకోలేడు.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, దాన్ని తప్పించుకొని పోవడం మాకు ఇష్టం లేదు. చెంచుల చేతిలో వెదురు విల్లు తప్ప తుపాకి లేదు, మాంసం దాచే సాధనం లేదు, అమ్ముకునే అంగడి దూరం. చేతకాకనే ఆగిన్రు తప్ప నీతితో కాదు అంటరు. వాళ్ల తిండిలో వేట మాంసం తక్కువేననీ, గడ్డలు, పండ్లు, ఆకులే ఎక్కువనీ హైమెండార్ఫ్ కూడా రాశాడు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఆడ జంతువును కొట్టొద్దనడానికి విల్లు బలహీనతకు సంబంధమేమిటి? బలహీనమైన విల్లు ఉన్నోడు దొరికిందల్లా కొట్టాలె గదా. సాధనం తక్కువైనోడే ఎంచుకున్నడు. సాధనం ఎక్కువైనోడు లెక్క పుస్తకం రాసుకున్నడు.

1940ల మొదట్లో హైమెండార్ఫ్ సిఫారసు మీద హైదరాబాద్ ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమి మీద సుమారు లక్ష ఎకరాలను చెంచుల రిజర్వుగా పక్కకు పెట్టింది. అందులో చెంచులు ఉండొచ్చు, వేటాడొచ్చు, అడవి సరుకు ఏరుకోవచ్చు. వేట హక్కు చెంచులకు సర్కారు కాగితం మీద దక్కిన సందర్భం ఇది. హక్కు దొరికినంక వాళ్లు అడవిని ఖాళీ చేయలేదు. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం పుట్టడానికి పులులు అక్కడ మిగిలే ఉన్నయి. దేశంలో పులులు తరిగిపోయిన కథ తుపాకి లైసెన్సులతో, షికారు కంపెనీలతో, తోళ్ల వ్యాపారంతో ముడిపడ్డది. నల్గొండ జిల్లాలో తుపాకి ఎవరి గడీలో ఉండేదో సాయుధ పోరాటం చరిత్ర చదివినోళ్లకు చెప్పాల్సిన పని లేదు. 1946-51 నడుమ గడీల మీద పడ్డ జనం ధాన్యంతో పాటు వెతికింది దొరల తుపాకులనే.

రాజులు, దొరలు, లైసెన్సు షికారీలు తిన్నంత తిన్నంక 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం రావాల్సిందే. పులి బతకాలె. మా గొడవ చట్టం చేసే లెక్కతోని. తీస్‌మార్ ఖాన్ పేరు జిల్లాకు అట్లనే ఉన్నది. కుందేలు కోసం ఉచ్చు పెట్టిన చెంచు దొంగ అయ్యిండు. 2006 అటవీ హక్కుల చట్టం, ఆదివాసులకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దుతున్నామని తన ముందుమాటలోనే చెప్పుకున్నది. భూమి ఇస్తనన్నది, తేనె, జిగురు ఇస్తనన్నది, ఆచారంగా వస్తున్న ఇతర హక్కులూ ఇస్తనన్నది. వేట హక్కును మాత్రం పేరు పెట్టి తీసేసింది. తీసేయొచ్చు. కానీ ఆ హక్కు చేతిలో ఉన్నన్ని రోజులు దాన్ని అదుపులో పెట్టుకున్న ఆలోచనకు ఆ చట్టంలో ఒక్క వాక్యం చోటు దొరకలేదు.

అమ్రాబాద్ 2014 తర్వాత వేరే పులుల అభయారణ్యం అయ్యింది, ఇప్పుడది నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకొని ఉన్నది. పులి అడుగుజాడ గుర్తుపట్టడానికి అటవీ శాఖ చెంచు యువకులనే కాపలాకు పెట్టుకుంటది. కోర్ ఏరియాలోని పెంటలను బయటికి పొమ్మనేదీ ఆ శాఖనే. యురేనియం కోసం అదే అడవిని తవ్వాలని చూసినప్పుడు జనం గొడవ చేస్తే, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అడవికి హద్దు లేకుండ ఆశపడేది ఎవరో మళ్లీ ఒకసారి బయట పడ్డది.

ఈ చరిత్ర రాయాల్సింది చాలా ఉన్నది. షికారు పుస్తకాల్లో తుపాకి కంపెనీ పేరుంటది, పులి పొడవు అంగుళాలతో సహా ఉంటది, హాంకా కొట్టినోళ్ల పేర్లుండవు. వాళ్ల మనుమలు, మనుమరాండ్లు అచ్చంపేట, దేవరకొండ, కొల్లాపూర్ దిక్కు ఊర్లల్లో ఉన్నరు, కొందరు ఈ వ్యాసం చదువుతున్నోళ్లలోనే ఉన్నరు. సెలవుల్లో ఊర్లకు పోయే విద్యార్థులు ఇంట్ల ముసలోళ్లను కూర్చోబెట్టి అడగాలె: హాంకాకు ఎవరెవరు పోయిన్రు, కబురు ఎవరు తెచ్చేది, ఎరకు కట్టిన దూడ ఎవరిది, దెబ్బ తిన్నోనికి ఏమిచ్చిన్రు, జింక పడ్డనాడు మన వాడకు పోగు వచ్చిందా రాలేదా.