పటాన్‌చెరు గింజల గాదె

1972లో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో వెలవడానికి ఒక కారణం అక్కడి నేల. నల్లరేగడి, ఎర్ర చెలక రెండూ ఒకే ఆవరణలో దొరికాయి. వానను నమ్ముకున్న పంటల మీద పరిశోధనకు అంతకన్నా అనువైన చోటేముంది! స్వర్ణోత్సవం దాటిన ఈ సంస్థ పేరెత్తగానే కొత్త వంగడాల ప్రస్తావనే ముందు వస్తుంది. ఆ వంగడాలకు మూలం మాత్రం ఇక్కడి విత్తన బ్యాంకే.

జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. వాటితోపాటు తైదలు, కొర్రలు, సామలు, వరిగలు, ఊదలు, అరికలు. 144 దేశాల నుంచి చేరిన లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు. గింజను చల్లని పొడిగాలిలో నెమ్మదిగా ఆరబెట్టి, అడిగినవారికి పంపే వాటిని 4 డిగ్రీల గదిలో, దీర్ఘకాలం దాచే వాటిని గాలి తీసిన పొట్లాల్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచుతారు.

చలిలోనూ గింజ ముసలిదవుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి మొలకశాతం పరీక్షిస్తారు. తగ్గితే మళ్లీ పొలంలో వేయాల్సిందే. అసలు కష్టం అక్కడుంది. సజ్జ కంకులకు సంచులు తొడగకపోతే పక్క మడి పుప్పొడి వచ్చి పడి, రాజస్థాన్ సజ్జ నైజర్ సజ్జతో కలిసిపోతుంది. కంది పూల మీద తేనెటీగలు వాలకుండా వలలు కట్టాలి. అడవి వేరుశనగల్లో కొన్నిటికి గింజే సరిగా పట్టదు, మొక్కలుగానే బతికించుకోవాలి. ఎండలో నిలబడి కంకి కంకికీ సంచి తొడిగే ఆ చేతులే లేకపోతే శీతల గదులు ఎన్ని ఉన్నా దండగ.

ఎండు తెగులు సోకిన కంది పూతకొచ్చాక కూడా నిలువునా వాడిపోతుంది. ఈ బ్యాంకులోని మహారాష్ట్ర నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఐసీపీ 8863 ఆ తెగులును తట్టుకుంది. 1986లో కర్ణాటకలో ‘మారుతి’ పేరుతో విడుదలైంది అదే.

పటాన్‌చెరు మీదుగా పోయే ముంబయి రహదారి మీద ఇంకాస్త ముందుకు పోతే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి, మట్టి మెత్తిన బుట్టల్లో దాస్తారు. విత్తనం బదులు తీసుకున్నవారు పంట చేతికొచ్చాక గింజల్లోనే తీరుస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వీరికి దక్కింది. ఏటా చేలో పడే గింజ మారుతున్న వానలకూ చీడలకూ తట్టుకోవడం నేర్చుకుంటుంది. గడ్డకట్టే చలిలో ఉన్న గింజకు ఆ అవకాశం లేదు. అలాగని బుట్టలే చాలవు. వరస కరువుల్లో విత్తనం గింజలు కూడా వండుకు తినాల్సి వస్తే, ఊరి రకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పటాన్‌చెరు గది ఉండాలి. అక్కడ పొట్లాల్లో ఉన్న తెలంగాణ నాటు రకాలు మరిన్ని ఈ బుట్టల్లోకి, ఈ చేలల్లోకి రావాలి.