నొప్పికి ఎన్ని మాటలు

పరాయి భాషలో పరీక్ష రాయడం మా ఉత్తరాంధ్రకి కొత్తేం కాదు. ఒకప్పుడు దొరలు మన భాషలో రాసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ భాషలో మా శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు రాస్తున్నారు.

1812లో మద్రాసులో సెంట్ జార్జి కోట కాలేజీ పెట్టారు. ఓడ దిగిన కుర్ర ఉద్యోగులు అక్కడ తెలుగో తమిళమో నేర్చుకుని పరీక్ష ప్యాసవ్వాలి. నేర్పడానికి పండితులు, నేర్చుకున్నన్నాళ్ళూ జీతం, బాగా ప్యాసైతే పైన బహుమతి. అంతా కంపెనీ ఖర్చే. బిఎస్సీ నర్సింగ్ చదివి, ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేస్తూ, ఆ కాస్త జీతంలోంచే ఐఇఎల్‌టిఎస్ ఫీజు కూడబెట్టే పిల్లల్ని చూసినప్పుడు నాకు ఆ దొరల జీతమే గుర్తొస్తుంది.

అలా తెలుగు నేర్చుకోబోయి చిక్కున పడ్డవాడు జె.ఎ. యేట్స్. 1906-07 ప్రాంతంలో ఈ ఉత్తర జిల్లాల స్కూళ్ళ ఇన్స్పెక్టరు. అప్పటికి మా ఊరు గంజాం జిల్లాలో ఉండేది. పుస్తకంలో తెలుగు ఒకలా, జనం నోట తెలుగు ఇంకోలా ఎందుకుందని అడిగాడాయన. విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆ ప్రశ్నని అందిపుచ్చుకున్నారు. వాడుక భాష ఉద్యమం ఊపందుకుంది. దొర అడిగితే తప్ప మనకి తోచలేదా అని ఉక్రోషం రావచ్చు గానీ, 'కన్యాశుల్కం' అంతకు పదేళ్ళ ముందే, 1897లో అచ్చయింది.

ఆ ప్రశ్న మా పిల్లల నోటుబుక్కుల్లో మాత్రం ఇంకా అలాగే ఉంది. సాయంత్రాలు నలుగురైదుగురు నా దగ్గరకి మాటలు చదువుకోడానికి వస్తారు. పేజీ మధ్య నిలువుగీత. ఎడమ పక్క 'అలీవియేట్', కుడి పక్క 'ఉపశమింపజేయు'. ఎడమ పక్క 'డిటీరియరేట్', కుడి పక్క 'క్షీణించు'. గీతకి రెండు వైపులా ఉన్నది పరాయి మాటే! ఆ పిల్ల ఇంట్లో ఎవరూ ఉపశమించరు. వాళ్ళమ్మ "నొప్పి కాస్త తెరిపిచ్చింది" అంటుంది. ఆ తెరిపి పుస్తకంలోకి ఎక్కదు. తెలుగు మీడియం బడిలో యాస అని నవ్వించుకున్న మాటలు, ఇంగ్లీషు పరీక్ష దగ్గరకొచ్చేసరికి అర్థంగా కూడా పనికిరాకుండా పోయాయి.

ఈ జాబితాలకీ ఒక చరిత్ర ఉంది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకి ఇంగ్లీషు చదవడం ఎలా నేర్పాలా అని తర్జనభర్జన పడుతూ ముందు ఏ మాటలు నేర్పాలన్న లెక్కలోకి దిగాడు. 1953లో సుమారు 2000 మాటలతో ఆయన 'జనరల్ సర్వీస్ లిస్ట్' వచ్చింది. 2000లో న్యూజీలాండులో ఎవరిల్ కాక్స్‌హెడ్ ఆ రెండు వేలూ పక్కనపెట్టి, యూనివర్సిటీ చదువుల్లో తరచూ తగిలే 570 మాటల కుటుంబాల్ని ఏరింది. అందుకు 35 లక్షల మాటల్ని జల్లెడ పట్టింది. జల్లెడలో పోసినవి ఆర్ట్స్, కామర్స్, లా, సైన్సు పాఠాలు. నర్సింగు లేదు. ఆవిణ్ణి అనడానికేం లేదు, నర్సుల కోసం చేసిన జాబితా కాదది. దాన్నే జిరాక్సు తీసి అందరికీ ఒకటే మాత్రలా పంచేది కోచింగుల వాళ్ళు. ఆరోగ్యరంగం వాళ్ళకి విడిగా ఓఇటి అనే పరీక్ష ఉంది, బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ 2017 నుంచి దాన్నీ ఒప్పుకుంటోంది. ఫీజు ఇంకా ఎక్కువ.

అందుకని ఈ మధ్య మేం నోటుబుక్కు తిరగేశాం. ముందు కుడి పక్క నింపుతున్నాం. 1975లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన రోనాల్డ్ మెల్జాక్, రోగులు నొప్పిని చెప్పుకునే 78 మాటల్ని 20 గుంపులుగా పేర్చాడు. మనకెన్ని ఉన్నాయో చూద్దామని పిల్లల్ని ఇళ్ళలో అడిగి రమ్మన్నాను. సలుపు, పోటు, పీకు, గుంజు, తీపు, మెలిపెట్టడం, కలుక్కుమనడం, జివజివలాడటం. 'థ్రాబింగ్' పక్కన సలుపు చేరగానే ఆ మాట మరి మర్చిపోలేదు. "ఏటే గుంటా, నొప్పులు రాసుకుంటే పోతాయేటే?" అందట ఒక నాయనమ్మ. అంటూనే ఇంకో నాలుగు చెప్పింది. ఆడమనిషి నొప్పి అంటే జబ్బు, నొప్పులొచ్చాయంటే కాన్పు అని కూడా ఆవిడే గుర్తుచేసింది. ఆ తేడా ఇంగ్లీషులోకి ఎలా తేవాలో మాకింకా తెలీలేదు.

గిడుగు చేసిందీ ఇలాంటిదే. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆ నోటినుంచి విని నేర్చుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మా గుడిలో 1281 నాటి నరహరితీర్థుల శాసనంలో శబరులు ఊరి మీదికొచ్చిన శత్రువులు. మాటలున్న మనుషులుగా వాళ్ళు కాగితం మీదికి రావడానికి ఇంతకాలం పట్టింది.

పరీక్ష ఫలితం రెండేళ్ళు చెల్లుతుంది. ఇంట్లోవాళ్ళు ఇచ్చే గడువు అంతకంటే తక్కువ. రైటింగులో అరమార్కు తగ్గితే, మళ్ళీ ఫీజు కట్టేకంటే ఆ డబ్బు కట్నంలో వేస్తే నయం కదా అన్న మాట ఇంట్లో లేస్తుంది. పెళ్ళి చేసుకుంటే పరీక్ష తప్పుతుందా అంటే అదీ లేదు. 2010 నవంబరు నుంచి బ్రిటన్‌లో భర్త దగ్గరకి వెళ్ళాలన్నా ఇంగ్లీషు వచ్చని రుజువు చూపించాలి. రూలు భర్తలకీ వర్తిస్తుంది. పుట్టిల్లు వదిలి కాపురానికి వెళ్ళేది మాత్రం ఎక్కువగా ఆడపిల్లే.

ఇద్దరు పిల్లలు వచ్చే నెల మళ్ళీ రాస్తున్నారు. మా జాబితాలో మాటలు నలభై దాటాయి. తిమ్మిరిని నొప్పుల్లో వెయ్యాలా వద్దా అని నిన్న చాలాసేపు కొట్లాడుకున్నారు.